ఖాళీ గోడల కాపలాదారు – కెన్నెత్ క్లార్క్

లండన్ చూడటానికి వెళ్ళిన మనవాళ్ళలో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సింహాల పక్కన నిలబడి ఫోటో తీయించుకోనివారు అరుదు. ఆ ఫోటోలో వెనకాల వరస స్తంభాలతో, చిన్న గోపురంతో పొడవుగా కనిపించే భవనమే నేషనల్ గ్యాలరీ. మామూలు రోజుల్లో లోపలికి వెళ్ళడానికి టికెట్టు అక్కర్లేదు. లియొనార్డో, టిషియన్, రెంబ్రాంట్, వాన్ ఐక్ లాంటి వాళ్ళు వేసిన బొమ్మలను ఎంతసేపైనా నిలబడి చూడవచ్చు.

కానీ 1939 సెప్టెంబరులో ఆ భవనంలో ఒక్క బొమ్మ కూడా లేదు. పెద్ద పెద్ద హాళ్ళు, వాటి నిండా ఖాళీ గోడలు, ఆ గోడల మీద ఫ్రేములు వేలాడిన గుర్తులు మాత్రమే మిగిలాయి. అప్పుడు ఆ గ్యాలరీకి డైరెక్టరుగా ఉన్నాయన వయసు ముప్ఫయ్యారేళ్ళు. పేరు కెన్నెత్ క్లార్క్. బొమ్మల్ని కాపాడటం ఆయన చేసిన మొదటి పని. బొమ్మలు లేని మ్యూజియంని బతికించడం రెండోది. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ కష్టం.

దారపు ఉండల వారసుడు

క్లార్క్ 1903 జులై 13న లండన్‌లో పుట్టాడు. వాళ్ళది స్కాట్లాండులోని పెయిస్లీ ఊళ్ళో కుట్టుదారం తయారుచేసి కోట్లు గడించిన కుటుంబం. తాతలు సంపాదించిన దాన్ని తండ్రి తాగుడికీ, జూదానికీ, వేటకీ ఖర్చుపెట్టేవాడు. ఒక్కడే కొడుకు. పెద్ద ఇల్లు, చుట్టూ నౌకర్లు, ఆడుకోవడానికి తోడు మాత్రం లేదు. ఆ ఒంటరితనంలో పిల్లవాడికి బొమ్మలు చూడటం అలవాటైంది.

వించెస్టర్ బడిలో చదివి, ఆక్స్‌ఫర్డులో చరిత్ర విద్యార్థిగా చేరాడు. చదువుకుంటున్న సబ్జెక్టు కంటే అక్కడి ఆష్మోలియన్ మ్యూజియంలో గడిపిన గంటలే ఆయన్ని తయారుచేశాయి. తరువాత ఇటలీ వెళ్ళి, ఆ రోజుల్లో ఇటాలియన్ చిత్రకళకి పెద్ద దిక్కుగా పేరుపడ్డ బెర్నార్డ్ బెరెన్సన్ దగ్గర పనిచేశాడు. ఒక బొమ్మని చూసి ఇది ఎవరు వేసిందో చెప్పగలగడం అక్కడ నేర్చుకున్న విద్య. ఆ విద్యే ఒకసారి ఆయన్ని నిలువునా ముంచింది కూడా. ఆ సంగతి తరువాత.

1927లో జేన్ మార్టిన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1931లో ఇరవయ్యేడేళ్ళకే ఆష్మోలియన్‌లో కీపర్ ఉద్యోగం వచ్చింది. 1934 జనవరిలో ముప్ఫై ఏళ్ళకి నేషనల్ గ్యాలరీ డైరెక్టరయ్యాడు. ఆ పదవిలోకి అంత చిన్నవయసులో వచ్చినవారు అంతకుముందు లేరు. అదే యేడు రాజుగారి చిత్రాల పర్యవేక్షణ బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది.

నేషనల్ గ్యాలరీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పారిస్‌లోని లూవ్ర్ మాదిరిగా ఇది రాజుల ఖజానా నుంచి పుట్టినది కాదు. 1824లో జాన్ జూలియస్ యాంగర్‌స్టైన్ అనే వ్యాపారి సేకరణలోని 38 చిత్రాలను ప్రభుత్వం 57,000 పౌండ్లకి కొని జనానికి చూపించడంతో మొదలైంది. ఇప్పుడున్న భవనం 1838లో తెరిచారు. నగరం నడిబొడ్డున, డబ్బున్నవాడూ లేనివాడూ నడిచి రాగల చోట దాన్ని కట్టారు. అంటే అందులోని ప్రతి బొమ్మా ప్రజలదే. ఈ మాటని క్లార్క్ సీరియస్‌గా తీసుకున్నాడు. గ్యాలరీలో ఎలక్ట్రిక్ దీపాలు పెట్టించి సాయంత్రాలు కూడా తెరిపించాడు. ఫుట్‌బాల్ కప్ ఫైనల్ చూడటానికి పల్లెల నుంచీ పరిశ్రమల ఊళ్ళ నుంచీ జనం లండన్ వచ్చే రోజున, వాళ్ళ కోసం రెండు గంటలు ముందే తలుపులు తెరిపించాడు.

అయితే ఆఫీసులో ఆయనకి మంచి పేరు లేదు. కింద పనిచేసే పండితులు ఆయన్ని అహంకారిగా చూసేవారు. 1937లో నాలుగు చిన్న చిత్రాలను జియోర్జియోనే వేసినవని నమ్మి, సిబ్బంది వద్దంటున్నా 14,000 పౌండ్లు పెట్టి కొనిపించాడు. కొద్దికాలానికే అవి ఆండ్రియా ప్రెవిటాలి అనే అంత పేరులేని చిత్రకారుడివని తేలింది. పత్రికలు ఉతికి ఆరేశాయి. బెరెన్సన్ దగ్గర నేర్చిన విద్య ముంచిందన్నది ఇదే. రెండేళ్ళ తరువాత యుద్ధం వచ్చింది.

పది రోజుల్లో ఖాళీ

హిట్లర్ విమానాలు లండన్ మీద బాంబులు వేస్తాయన్న భయం 1938 నాటికే ఉంది. ఆ యేడు మ్యూనిక్ సంక్షోభ సమయంలో కొన్ని చిత్రాలను రైల్లో వేల్స్ వైపు పంపి, ప్రమాదం తప్పిందనుకుని వెనక్కి తెచ్చారు. మన భాషలో చెప్పాలంటే అది డిజాస్టర్ రికవరీ డ్రిల్. ఏ బొమ్మ ఏ పెట్టెలో, ఏ బండిలో, ఏ ఊరికి వెళ్ళాలో లెక్కలు తయారయ్యాయి. గ్యాలరీకి శాస్త్ర సలహాదారుగా ఉన్న ఇయాన్ రాలిన్స్‌కి రైళ్ళంటే మహా పిచ్చి. ఆ పిచ్చి ఇక్కడ అక్కరకొచ్చింది.

1939 ఆగస్టు 23న నిజమైన తరలింపు మొదలైంది. సుమారు పది రోజుల్లో, సరిగ్గా యుద్ధం ప్రకటించే ముందురోజుకి, గ్యాలరీ ఖాళీ అయింది. బొమ్మలు ఉత్తర వేల్స్‌లో బ్యాంగర్ యూనివర్సిటీ హాలుకీ, పెన్రిన్ కోటకీ, మరికొన్ని చోట్లకీ చేరాయి. అక్కడ బాంబులు పడవని అందరి నమ్మకం.

1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయేసరికి ఆ నమ్మకం పోయింది. ఫ్రాన్స్‌లోని విమానాశ్రయాల నుంచి జర్మన్ విమానాలు వేల్స్‌కి కూడా రాగలవు. అప్పుడు బొమ్మలన్నిటినీ ఓడల్లో కెనడా పంపిద్దామన్న ఆలోచన వచ్చింది. క్లార్క్‌కి అట్లాంటిక్‌లో తిరుగుతున్న జర్మన్ జలాంతర్గాముల భయం పట్టుకుంది. ఒక్క టార్పెడోతో ఆరు వందల యేళ్ళ చిత్రకళ సముద్రం పాలవుతుంది. విషయం ప్రధాని చర్చిల్ దాకా వెళ్ళింది. గుహల్లో దాచినా, నేలమాళిగల్లో దాచినా సరే, ఒక్క బొమ్మ కూడా దేశం దాటడానికి వీల్లేదని ఆయన తేల్చేశాడు.

గుహ అనగానే గుహ కోసమే వెతికారు. వేల్స్‌లో బ్లైనై ఫెస్టినియోగ్ అనే ఊరి దగ్గర మానోడ్ కొండలో పలకరాయి తవ్వే గని దొరికింది. కొండ లోపల చర్చిలంత ఎత్తున్న గదులు, పైన వందల అడుగుల రాయి. కాని లోపలికి వెళ్ళే దారి చిన్నది. పేలుడు మందు పెట్టి వేల టన్నుల రాయి పగలగొట్టి దాన్ని పెద్దది చేశారు. లోపల ఇటుకలతో ఇళ్ళలాంటి గదులు కట్టి, వాటిలో వెచ్చటి గాలి ప్రసరించే ఏర్పాటు చేశారు. బొమ్మల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళడానికి చిన్న రైలుపట్టాలు వేశారు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి వాన్ డైక్ వేసిన చిత్రం. గుర్రం మీద కూర్చున్న ఒకటో చార్లెస్ రాజు, పన్నెండడుగుల ఎత్తు. దాన్ని ప్రత్యేకంగా కట్టిన పెట్టెలో లారీ మీద నిలబెడితే దారిలో ఒక రైలు వంతెన కింద పట్టదు. వంతెనని ఎత్తలేరు కాబట్టి కింద రోడ్డునే లోతుగా తవ్వారు. 1941 వేసవిలో చిత్రాలన్నీ కొండ లోపలికి చేరాయి.

ఇంజనీర్లుగా మనకి నచ్చే సంగతి ఒకటుంది. పాత ఇటాలియన్ చిత్రాలు చాలావరకు చెక్క పలకల మీద వేసినవి. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పైనున్న రంగు మాత్రం దానితో పాటు సాగదు కనుక పొక్కులు లేచి రాలిపోతుంది. లండన్‌లో చలికాలం వచ్చిందంటే ఈ రిపేర్లతోనే సరిపోయేది. కొండ కడుపులో యేడాది పొడుగునా ఒకే ఉష్ణోగ్రత. దాన్ని కొద్దిగా వేడిచేస్తే తేమ శాతం దానంతటదే తగ్గుతుంది. అలా స్థిరంగా ఉంచేసరికి రంగు రాలడం దాదాపు ఆగిపోయింది. యుద్ధం అయ్యాక గ్యాలరీలో ఎయిర్ కండిషనింగ్ పెట్టాలన్న నిర్ణయానికి పునాది ఈ గనిలో పడింది. బొమ్మలతోనే వేల్స్‌లో ఉండిపోయిన మార్టిన్ డేవీస్ అనే పండితుడు ఆ తీరికలో ఒక్కొక్క చిత్రాన్నీ పరిశోధించాడు. యుద్ధం తరువాత వచ్చిన గ్యాలరీ కేటలాగులకి మూలం ఆ పని. తరువాత ఆయన కూడా గ్యాలరీ డైరెక్టరయ్యాడు.

బొమ్మల్లేని గ్యాలరీలో పాట కచేరీ

ఇక లండన్ సంగతి. యుద్ధం మొదలవగానే సినిమాహాళ్ళు, నాటకశాలలు, సంగీత సభలు మూసేశారు. రాత్రయితే నగరమంతా చీకటి. అలాంటప్పుడు మైరా హెస్ అనే పియానో విదుషీమణి క్లార్క్ దగ్గరికి వచ్చి, గ్యాలరీలో మధ్యాహ్నం పూట కచేరీలు పెట్టుకోనిస్తారా అని అడిగింది. ఎప్పుడో ఒకసారి చాలని ఆమె అనుకుంటే, రోజూ పెట్టమని క్లార్కే ప్రోత్సహించాడు.

1939 అక్టోబరు 10న మొదటి కచేరీ. ఆమే వాయించింది. టికెట్టు ఒక షిల్లింగు. ఎవరొస్తారులే అనుకున్నవాళ్ళకి బయట బారులు తీరిన జనం కనిపించారు. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళు, యూనిఫాంలో ఉన్న సైనికులు, ముసలివాళ్ళు, కుర్చీలు చాలక నేల మీద కూర్చున్నవాళ్ళు. మైరా హెస్ యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. ఆవిడ వాయించింది బాఖ్, బీథోవెన్ లాంటి జర్మన్ సంగీతకారుల రచనలు. జర్మనీ బాంబులు వేస్తుంటే జర్మన్ సంగీతం విని సేద తీరిన ఆ జనాన్ని తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఎవరితో యుద్ధం చేస్తున్నారో, ఎవరితో కాదో వాళ్ళకి బాగా తెలుసు.

1940 అక్టోబరు నుంచి 1941 ఏప్రిల్ లోపల గ్యాలరీ మీద తొమ్మిదిసార్లు బాంబులు పడ్డాయి. అంతకుముందు రాఫెల్ చిత్రాలు వేలాడిన గది పూర్తిగా ధ్వంసమైంది. చిత్రాలు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. బాంబుదాడుల రోజుల్లో కచేరీలని నేలమాళిగలోకి మార్చారు కానీ ఆపలేదు. ఆరున్నర సంవత్సరాల్లో 1,698 కచేరీలు జరిగాయి. విన్నవాళ్ళు 8,24,152 మంది.

1942 మొదట్లో టైమ్స్ పత్రికకి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. గ్యాలరీ కొత్తగా కొన్న రెంబ్రాంట్ చిత్రాన్ని చూసే భాగ్యం మాకు లేదా అని ఆయన ప్రశ్న. చుట్టూ ఇళ్ళు కూలుతున్నప్పుడే మంచి బొమ్మ చూడాలని మరీ అనిపిస్తుందని ఆయన వాదన. క్లార్క్ ఆ చిత్రాన్ని ప్రదర్శించాడు. తరువాత నెలకొక చిత్రం చొప్పున వేల్స్ కొండ నుంచి లండన్ తెప్పించే పద్ధతి మొదలుపెట్టాడు. వాటిలో ముందుగా వచ్చినది జనం కోరుకున్న టిషియన్ చిత్రం. మరణం నుంచి లేచిన క్రీస్తు, ఎదుట మోకరిల్లిన మగ్దలీన మరియ. ఆ ఒక్క బొమ్మ కోసం జనం వరసకట్టారు.

ఇది తేలికగా తీసుకున్న నిర్ణయం కాదు. ఒక దాడిలో ఒక కళాఖండం పోతే ప్రపంచం క్లార్క్‌నే తిడుతుంది. కొండలో దాచి తాళం వేసి కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఎవరూ చూడలేని బొమ్మ ఎవరి కోసం? భద్రతకీ వాడకానికీ మధ్య ఉన్న ఈ పేచీకి ఆయన నెలకొక్కటి అని జవాబు చెప్పాడు. నష్టం జరిగితే ఒక్కదానికే జరుగుతుంది, లాభం మాత్రం వేలమందికి.

మిగిలిన ఖాళీ గదుల్లో యుద్ధ చిత్రకారుల ప్రదర్శనలు పెట్టించాడు. యువ చిత్రకారులకి ప్రభుత్వం తరఫున పని కల్పించే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. సొరంగ రైలు స్టేషన్లలో పడుకున్న జనాన్ని హెన్రీ మూర్, కూలిన కొవెంట్రీ చర్చిని జాన్ పైపర్ చిత్రించింది ఈ కమిటీ కోసమే. మొదటి ప్రపంచయుద్ధంలో లాగా కళాకారులు కందకాల్లో చచ్చిపోకుండా చూడటం కూడా క్లార్క్ మనసులో ఉన్న ఉద్దేశం.

చివరి మలుపు

1945 మేలో ఐరోపాలో యుద్ధం ముగిసింది. ఆ నెలలోనే కొన్ని చిత్రాలతో గ్యాలరీ తెరిచారు. ఆ యేడాది చివరికల్లా మిగతావన్నీ ఇల్లు చేరాయి. పని అయిపోయిందన్నట్టు క్లార్క్ కూడా ఆ యేడాది ఆఖరున రాజీనామా చేశాడు.

తరువాత పుస్తకాలు రాశాడు, ఆక్స్‌ఫర్డులో పాఠాలు చెప్పాడు, ఆర్ట్స్ కౌన్సిల్ నడిపాడు. 1969లో బీబీసీ కోసం చేసిన సివిలైజేషన్ అనే పదమూడు భాగాల ధారావాహిక ఆయన్ని ఇంటింటికీ తీసుకెళ్ళింది. నాగరికత అని పేరు పెట్టి పశ్చిమ ఐరోపా దగ్గరే ఆగిపోవడం మనలాంటి వాళ్ళకి కొరతగానే కనిపిస్తుంది. అజంతా లేదు, అమరావతి లేదు. ఇంటి జీవితం కూడా అంత సుఖంగా సాగలేదు. ఆయనకి పరస్త్రీలతో సంబంధాలుండేవి, భార్య తాగుడికి బానిసైంది. ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన అవసరం లేదు.

1970లో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆయన్ని సన్మానించింది. అక్కడ మూడు వందల మంది పట్టే హాల్లో ఈ ధారావాహిక వేస్తే వేలమంది వచ్చారట. ఆయన నడిచి వస్తుంటే రెండు పక్కలా జనం చప్పట్లు, కేకలు. ఆయన ఆ జనాన్ని దాటుకుని బాత్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాడు. తనకి లేని గొప్పతనం తనకి అంటగడుతున్నారని, తానొక మోసగాడినని ఆయనకి అనిపించిందట. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు.

1983 మే 21న క్లార్క్ కన్నుమూశాడు. ఈసారి ట్రఫాల్గర్ స్క్వేర్ వెళితే ఫోటో తీసుకున్నాక ఓ గంట లోపలికి కూడా వెళ్ళండి. టిషియన్ వేసిన ఆ మగ్దలీన చిత్రం అక్కడే ఉంది. 1942లో బాంబులు పడిన నగరంలో మధ్యాహ్నం భోజన విరామంలో వచ్చి, ఆ ఒక్క బొమ్మ ముందు నిలబడి, మళ్ళీ పనికి వెళ్ళిపోయిన వాళ్ళని ఒకసారి తలుచుకోండి. అది వాళ్ళ దాకా రావడం కోసం వాన్ డైక్ రాజుకి రోడ్డు తవ్విన కూలీలనీ, రైళ్ళ లెక్కలు వేసిన రాలిన్స్‌నీ, వారితో పాటు క్లార్క్‌నీ.