బడే గులాం అలీ ఖాన్

బడే గులాం అలీ ఖాన్ (ఏప్రిల్ 2, 1902 - ఏప్రిల్ 25, 1968) హిందుస్తానీ శాస్త్రీయ సంగీతంలో పటియాలా ఘరానాకు చెందిన సుప్రసిద్ధ గాయకుడు. వేర్వేరు కాలాలలో లాహోరు, కలకత్తా, బొంబాయి నగరాలలో నివసించి, చివరకు హైదరాబాదులో, ఆబిడ్స్, నాంపల్లిలకు చేరువలోనున్న బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశాడు. ఖయాల్, ఠుమ్రీ రెండింటిపైనా సమానమైన అధికారం గల గాయకులు అరుదు. ఈయన ఆ కోవకు చెందినవాడు.

బాల్యం, సంగీత శిక్షణ

ఈయన అవిభక్త పంజాబులోని కసూర్‌లో (ప్రస్తుతం పాకిస్తాన్‌లో ఉన్నది) సంగీత కుటుంబంలో జన్మించాడు. తండ్రి అలీ బక్ష్ ఖాన్ గాయకుడు. ఘరానా అనగా గురుశిష్య పరంపరగా, తరచుగా వంశపారంపర్యంగా వచ్చే గాన సంప్రదాయం. చిన్నతనంలోనే పినతండ్రి కాలే ఖాన్ వద్ద సారంగి వాద్యము, గాత్రము అభ్యసించాడు. ఆయన మరణానంతరం తండ్రి వద్ద శిక్షణ కొనసాగింది. తమ్ముడు బర్కత్ అలీ ఖాన్ కూడా ఠుమ్రీ, గజల్ గాయకుడుగా పేరు పొందాడు.

గానశైలి

మూడు స్థాయిలలో అనాయాసంగా సంచరించే గాత్రం, అతివేగమైన తానాలు, వాటి మధ్యలో మెత్తని పలుకు ఈయన ప్రత్యేకతలు. స్వరమండల్ మీటుతూ పాడడం అలవాటు. సుదీర్ఘమైన ఆలాపనను సామాన్య శ్రోతలు ఆస్వాదించలేరని భావించి, రాగాన్ని క్లుప్తంగా, రంజకంగా ఆవిష్కరించేవాడు. దీనిని కొందరు పండితులు లోపంగా ఎంచినా, శాస్త్రీయ సంగీతాన్ని విశాలమైన శ్రోతృలోకానికి చేర్చినది ఈ పద్ధతియే అనక తప్పదు. "సబ్‌రంగ్" అనే కలం పేరుతో అనేక బందిష్‌లు, ఠుమ్రీలు రచించాడు.

దేశ విభజన, పౌరసత్వం

1947లో దేశ విభజన జరిగినపుడు స్వస్థలమైన కసూర్ పాకిస్తాన్‌లో చేరిపోయింది. ఈయన అక్కడికే వెళ్ళాడు. కాని శ్రోతలలో పెక్కుమంది, సంగీత సభలలో ముఖ్యమైనవి సరిహద్దుకు ఇవతలనే ఉండిపోయాయి. పుట్టిన ఊరు ఒక దేశంలో, పాటకు ఆదరణ మరొక దేశంలో ఉన్న గాయకునికి ఏదో ఒకటి ఎంచుకోవలసిన అవసరం ఏర్పడింది. భారతదేశానికి తిరిగి వచ్చి, మొరార్జీ దేశాయి సహాయంతో 1957లో భారత పౌరసత్వం పొంది, బొంబాయిలోని మలబార్ హిల్‌లో నివాసమేర్పరచుకున్నాడు.

మొఘల్-ఎ-ఆజం

సినిమాలకు పాడడం ఈయనకు ఇష్టం లేదు. 1960లో విడుదలైన మొఘల్-ఎ-ఆజం చిత్రంలో తాన్‌సేన్ పాత్రకు ఈయన గొంతే కావాలని దర్శకుడు కె.ఆసిఫ్, సంగీత దర్శకుడు నౌషాద్ పట్టుబట్టారు. వారిని వదిలించుకోవడానికి ఈయన పాటకు 25,000 రూపాయలు అడిగాడనీ, ఆసిఫ్ వెంటనే అంగీకరించాడనీ చెబుతారు. లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ వంటివారికి పాటకు 500 రూపాయల లోపే లభిస్తున్న రోజులవి. ఆ విధంగా సోహనీ, రాగేశ్రీ రాగాలలో రెండు పాటలు పాడాడు. మన హంసానందికి సోహనీ చాలా దగ్గరి రాగం కావున తెలుగు శ్రోతలకు ఆ పాట కొత్తగా అనిపించదు.

హైదరాబాదులో చివరి రోజులు

1962లో పద్మభూషణ్, సంగీత నాటక అకాడమీ పురస్కారాలు లభించాయి. అనంతరం దీర్ఘకాల అనారోగ్యం వలన శరీరం పాక్షికంగా పక్షవాతానికి గురయింది. మూడు స్థాయిలలో పలికిన గొంతుకు ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉండదు. అయినను కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ ప్రక్కన కూర్చుని తోడు పాడుచుండగా చివరివరకు కచేరీలు మానలేదు.

బషీర్‌బాగ్ ప్యాలెస్ పైగా వంశీయుడైన సర్ ఆస్మాన్ జా నిర్మించినది. ఆయన బిరుదైన బషీరుద్దౌలా నుండియే ఆ పేరు వచ్చింది. అదే వంశానికి చెందిన నవాబు జహీర్ యార్ జంగ్ ఆదరణలో ఈయన అక్కడ గడిపాడు. 1968 ఏప్రిల్ 25న అక్కడే మరణించాడు. పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో సమాధి ఉన్నది. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. పేరు మాత్రం ఆ ప్రాంతానికి మిగిలింది. బషీర్‌బాగ్ ప్రధాన వీధికి ఈయన పేరు పెట్టినా, వాడుకలో ఆ పేరు అంతగా వినిపించదు.

భారత ప్రభుత్వం 2003లో ఈయన స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది. మునవ్వర్ అలీ ఖాన్ (1930-1989) తండ్రి బాణీని కొనసాగించాడు. ప్రసిద్ధ గాయకుడు అజయ్ చక్రవర్తి ఆయన శిష్యుడే.