ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్

పూర్వము రేడియోలలోను, సభలలో కంఠధ్వనిని పెంచు ఆంప్లిఫయర్లలోను గాజుబుడ్ల వంటి వాల్వులు ఉండెడివి. మీట నొక్కిన కొంతసేపటికి వానిలోని తీగెలు వేడెక్కి వెలుగుచుండెడివి. పిమ్మటనే పాట వినవచ్చెడిది. ఆ చిన్న గాజుబుడ్డిలో వందలకొలది వోల్టుల విద్యుత్తు నిలుకడగా పనిచేయునట్లు చేసిన శాస్త్రజ్ఞులలో ముఖ్యుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్.

లాంగ్‌మ్యూర్ 1881వ సంవత్సరము జనవరి 31వ తేదీన అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున జన్మించెను. బాల్యమున అతనికి చూపు మందము. పదునొకండేండ్లు వచ్చువరకు ఆ సంగతిని ఎవరును కనిపెట్టలేదు. ఆ లోపము సవరింపబడిన పిదప, అంతవరకు కానరాని సూక్ష్మవిషయములెన్నియో అతనికి గోచరించెను. ప్రకృతిని నిశితముగా పరిశీలింపుమని తలిదండ్రులు ప్రోత్సహించిరి. అన్నయగు ఆర్థర్ అతనికి రసాయనశాస్త్రమునందు అభిరుచి కలిగించెను.

లాంగ్‌మ్యూర్ 1903లో కొలంబియా విశ్వవిద్యాలయమున లోహశాస్త్రములో పట్టము పొందెను. అనంతరము జర్మనీ దేశమునకేగి, గోటింజెన్‌లో నెర్న్‌స్ట్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞునికడ పరిశోధించి, 1906లో డాక్టరు పట్టమును సంపాదించెను. వేడి తీగెల సమీపమున వాయువులు పొందు మార్పులే నాడతని పరిశోధనకు విషయము. స్వదేశమునకు మరలి మూడేండ్లు అధ్యాపకుడుగా పనిచేసి, 1909లో షెనెక్టడీ నగరమునందలి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనశాలలో చేరెను.

ఆ కాలమున విద్యుద్దీపములు తయారుచేయువారిని ఒక చిక్కు బాధించుచుండెను. టంగ్‌స్టన్ తీగె గల బల్బు కొంతకాలము వెలుగగానే లోపలి గాజు నల్లబడి కాంతి తగ్గిపోయెడిది. బల్బులోని గాలిని ఇంకను పూర్తిగా తీసివేసినచో ఈ దోషము తొలగునని పలువురు తలంచిరి. లాంగ్‌మ్యూర్ వేఱొక మార్గము త్రొక్కెను. అతడు వాయువులను ఒక్కొక్కటిగా తానే బల్బులోనికి పంపి, ఏ వాయువు ఏ మార్పు కలిగించునో ఓపికతో పరీక్షించెను. నీటియావిరి లేశమాత్రమున్నను తీగెకు హాని చేయునని తెలిసెను. గాలిని చక్కగా తీసివేసిన బల్బులో మాత్రము నల్లదనమునకు కారణము వేఱు. మిక్కిలి వేడియగు టంగ్‌స్టన్ తానే ఆవిరియై గాజుకు అంటుకొనుచుండెను. నైట్రోజన్ వంటి వాయువును నింపినచో ఈ ఆవిరియగుట తగ్గును. తీగెను దగ్గరగా చుట్టినచో వాయువువలన కలుగు ఉష్ణనష్టమును తగ్గును. ఇట్లు 1913లో వాయువు నింపిన బల్బు వెలువడెను.

దీపమునందు మేలుచేసిన వాయువే వాల్వునందు శత్రువయ్యెను. వాల్వులో వేడి తీగెనుండి ఎలక్ట్రానులు వెలువడును. ధనవిద్యుత్తు గల లోహపు పలక వానిని ఆకర్షించును. ఈ రెంటి నడుమ గ్రిడ్డు అను తీగెల జాలకము ఉండును. గ్రిడ్డునకు అందిన బలహీనమైన సంకేతమును బట్టి పలకకు చేరు ప్రవాహము హెచ్చుచు తగ్గుచుండును. సంకేతము బలపడుటలోని రహస్యమిదియే. 1906లో డి ఫారెస్ట్ నిర్మించిన ఆడియన్ ఇట్టిదే. కాని దానిలో కొంత వాయువు మిగిలియుండెను. వోల్టేజిని కొంచెము పెంచగానే లోపల నీలికాంతి వ్యాపించి, గ్రిడ్డునకు ప్రవాహముపై అదుపు తప్పెడిది. దూరపు మాటను వినిపింపవలెనన్న ఎక్కువ శక్తి కావలెను. ఎక్కువ శక్తికి హెచ్చు వోల్టేజి కావలెను.

వాయువు లేకున్న ప్రవాహమే ఉండదని నాడు కొందఱి నమ్మకము. లాంగ్‌మ్యూర్ గొప్ప శూన్యమును కల్పించి చూచెను. ప్రవాహము నిలిచియే యుండెను. తీగె చుట్టు క్రమ్ముకొను ఎలక్ట్రానుల గుంపే వెనుక వచ్చు ఎలక్ట్రానులను అడ్డగించునని అతడు గ్రహించెను. వోల్టేజిని నాలుగింతలు చేసినచో ఆ అడ్డంకిని దాటు ప్రవాహము ఎనిమిదింతలగునని లెక్క తేల్చెను. చైల్డ్ అను శాస్త్రజ్ఞుడును 1911లో ఇట్టి నియమమునే కనుగొని యుండుటచే, అది ఇరువురి పేరను ప్రసిద్ధమైనది.

ఇంకొక చిక్కు మిగిలెను. హెచ్చు వోల్టేజిచే ఎలక్ట్రానులు పలకను బలముగా తాకి వేడెక్కించును. వేడెక్కిన లోహము తనలో ఇమిడిన వాయువును విడుచును. ఆ వాయువు అయానులుగా మారి ప్రవాహమును పెంచును. పలక మఱింత వేడెక్కును. ఈ విషవలయమును త్రెంచుటకు లాంగ్‌మ్యూర్, వాల్వును మూయకముందే గాజును కాల్చి, లోపలి లోహమును ఎలక్ట్రానుల తాకిడిచేతనే బాగుగా వేడిచేసి, వెలువడిన వాయువునంతయు పంపుతో లాగివేసెను. పిమ్మట వాల్వు మిక్కిలి హెచ్చు వోల్టేజికిని తాళగలిగెను.

అదే కాలమున టెలిఫోను సంస్థలో ఆర్నాల్డ్ అను శాస్త్రజ్ఞుడును ఇట్టి వాల్వునే సాధించెను. అట్టి వాల్వుల సాయముననే 1915లో న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు మాట చేరెను. పేటెంటుకై దీర్ఘకాలము వివాదము జరిగెను. 1925లో లాంగ్‌మ్యూర్‌కు లభించిన పేటెంటు చెల్లదని 1931లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మఱుసటి సంవత్సరమే, ఉపరితల రసాయనశాస్త్రములో చేసిన కృషికిగాను అతనికి నోబెల్ బహుమానము లభించెను. విద్యుత్తు ప్రవహించు వాయువునకు 1928లో ప్లాస్మా అను పేరిడినవాడును అతడే. 1957 ఆగస్టు 16న లాంగ్‌మ్యూర్ కీర్తిశేషుడయ్యెను.

ట్రాన్సిస్టరు వచ్చిన పిదప వాల్వులు చాలవఱకు మూలబడినను, పాత ఆంప్లిఫయర్లను ఆదరించువారు నేటికిని ఉన్నారు. వాల్వులోని పలక ఎఱ్ఱబడినచో ప్రవాహము మితిమీరినదని నిపుణులు ఎఱుగుదురు. తీగెకును పలకకును నడుమ ఊదారంగు కాంతి క్రమ్మినచో వాయువు చేరినదని శంకింతురు. మీట ఆపిన పిమ్మటను కండెన్సరులలో ప్రాణాపాయకరమగు వోల్టేజి నిలిచియుండవచ్చును గనుక, శిక్షణ లేనివారు వానిని తాకరాదు. నిపుణుడు చెడిన వాల్వును తీసి క్రొత్తది పెట్టుటతో తృప్తిపడడు. గ్రిడ్డునకు అందు వోల్టేజిని కొలిచి, వేడిమికి మూలమెచ్చట నున్నదో వెదకును. నల్లబడిన బల్బుముందు కూర్చుండి లాంగ్‌మ్యూర్ చేసిన పనియు అదియే.