న్యూటను తలుపున రెండు కంతలు

కడప మండలమున, వేంపల్లెకు సమీపమున, పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చు చోటును గండి యందురు. పేరునకు తగిన స్థలము. కొండయను గోడకు నది తనకై తాను పెట్టుకొన్న ద్వారమది. అచటి వీరాంజనేయస్వామిని సేవింప వచ్చిన వారికి ఒక కథ చెప్పుదురు. శ్రీరామునికి స్వాగతముగా ఈ కొండనుండి ఆ కొండకు బంగారు తోరణము కట్టబడెననియు, అది అవసానకాలము సమీపించిన పుణ్యాత్ములకే కన్పట్టుననియు, మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఈ దారిని పోవుచు దానిని చూచెననియు ఆ కథ. మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించెను. తేదీలు చరిత్ర, తోరణము ప్రజల ప్రేమ. రెండింటిని కలిపి చెప్పుకొనుటలో దోషము లేదు. ఏది యేదియో ఎరిగి చెప్పుకొనవలెను.

విచిత్రమేమనగా, అదే 1827వ సంవత్సరమున ఇంగ్లండులో మరియొక మహాపురుషుని గూర్చిన ద్వారకథ అచ్చులోనికి ఎక్కినది. కేంబ్రిడ్జిలో చదివిన రైటు అనునతడు తన విద్యార్థిదశా స్మృతులను ప్రకటించుచు, సర్ ఐజాక్ న్యూటను గదితలుపు ముచ్చట అందు చేర్చెను. మన పాఠశాలలలో ఆ ముచ్చట వినని పిల్లలు అరుదు. న్యూటను ఒక పిల్లిని పెంచెనట. అది మాటిమాటికి తలుపు గీరును; లేచి తీయుటతో ఆయన ఆలోచన చెదరును. అందుచే తలుపు అడుగున పిల్లి పట్టునంత కంత పెట్టించెను. కొన్నాళ్ళకు పిల్లి ఈనగా, పిల్లకొరకు ప్రక్కనే చిన్నకంత పెట్టించెను. పెద్దకంతలో పిల్లయు దూరగలదని అంతటి మేధావికి తోచలేదట! తరగతి నవ్వును, పాఠము ముగియును.

నవ్వినందుకు తప్పు లేదు. కాని ఆ నవ్వు వెంట పిల్లల మనస్సున ఒక బొమ్మ నిలిచిపోవును: మేధావి యనగా లోకజ్ఞానము, చేతిపని తెలియనివాడు అని. న్యూటను విషయమున ఈ బొమ్మ పూర్తిగా తలక్రిందులైనది.

ఆయన పాత పంచాంగము ప్రకారము 1642 డిసెంబరు 25వ తేదీన, నడిచలికాలమున, లింకనుషైరులోని వూల్స్‌థార్పు గ్రామమున జన్మించెను. తండ్రి అంతకు మూడు నెలల ముందే గతించెను. నెలలు నిండకుండ పుట్టిన ఆ శిశువు బ్రదుకునని ఎవ్వరును తలపలేదు. మూడేండ్లు నిండగనే తల్లి వేరొకరిని వివాహమాడి వెడలిపోయెను, అమ్మమ్మ పెంచినది. గ్రాంథాము పట్టణమున మందులు కూర్చి అమ్మువాని ఇంట వసించి పాఠశాలకు పోవుచుండెను. చేతికి వచ్చిన కాసులతో ఆ బాలుడు కొన్నవి రంపములు, గొడ్డళ్ళు, సుత్తులు. నీటిగడియారము చేసెను, గోడలపై ఎండగడియారములు గీసెను, ఇంటిలోని ఆడపిల్లల బొమ్మలకు చిన్న బల్లలు, బీరువాలు చేసి ఇచ్చెను. ఊరిలో కట్టుచున్న గాలిమరను చూచి దానివంటి చిన్నమర చేసి, లోపల ఒక ఎలుకను పెట్టి త్రిప్పించెను. ఆ ఎలుకకు మరవాడని పేరు పెట్టి, విసరవలసిన గింజలను మరవాడే తినుచున్నాడని పరిహసించెడివాడట. పిల్లికంత మాట యెట్లున్నను, ఎలుకమరను చేసినది మాత్రము ఆ చేతులే. న్యూటను గతించిన పిమ్మట స్టూక్లీ అను వైద్యుడు గ్రాంథాములోని వృద్ధులను అడిగి ఈ సంగతులు సేకరించెను.

1661లో ట్రినిటీ కళాశాలలో చేరెను. సంపన్నవిద్యార్థులకు ఊడిగము చేయుచు చదువుకొను తరగతిలో ఆయన చేరిక. 1665లో మహామారి వ్యాపింపగా విశ్వవిద్యాలయము మూతపడినది. ఆయన స్వగ్రామము చేరెను. గురుత్వాకర్షణ, గణితము, కాంతి – ఈ మూడింటిని గూర్చిన మూలభావములు ఆ రోజులలోనే మొలకెత్తినవి.

ఇచట ఉపాధ్యాయులు గమనింపవలసిన కంత యొకటి కలదు. అది తలుపునకు పెట్టినది కాదు, కిటికీరెక్కకు పెట్టినది. గదిని చీకటి చేసి, కిటికీరెక్కలోని చిన్నరంధ్రము గుండ సూర్యకిరణమును లోనికి విడిచి, దానికి అడ్డముగా గాజుపట్టకమును నిలిపెను. ఇరువదిరెండడుగుల దూరమున ఎదుటిగోడపై రంగులపట్టీ పడెను. గుండ్రని కంతనుండి వచ్చిన వెలుగు గుండ్రముగా పడవలసియుండగా, వెడల్పునకు ఐదురెట్ల నిడివితో ఏల సాగినదని ఆయన ప్రశ్నించుకొనెను. పొడవు 13¼ అంగుళములు, వెడల్పు 2⅝ అంగుళములు. తెల్లని వెలుగు పలురంగుల కలయిక యని 1672లో లోకమునకు చెప్పినది ఈ కొలతల బలముతోనే.

దూరదర్శిని కథయు నిట్టిదే. 1668లో ఆయన చేసిన పరావర్తన దూరదర్శిని పొడవు సుమారు ఆరంగుళములు. వస్తువును నలువదిరెట్లకు సమీపముగ పెద్దదిగ చూపెను. అద్దమునకు కావలసిన మిశ్రలోహమును తానే కరగించి పోసెను, తానే సానపట్టెను. ఆ పనిముట్లు ఎచట చేయించితిరని వార్ధకమున అడిగినవారికి, తానే చేసికొంటినని బదులిచ్చెను. ఇతరులు చేసి ఇత్తురని కూర్చుండినచో ఆ పని జరిగియే యుండదని ఆయన అభిప్రాయము. ఇట్టివాడు కంత కొలత తెలియక పొరబడుట నమ్మదగినదేనా?

అసలు పిల్లి యుండెనా యనునది తరువాతి ప్రశ్న. సుమారు 1685 నుండి ఐదేండ్లు ఆయన గదిలో నుండి వ్రాతపని చేసిన హంఫ్రీ న్యూటను – ఇంటిపేరు కలిసినవాడే గాని బంధువు కాడు – ఆ గదిలో కుక్క గాని పిల్లి గాని లేదని స్పష్టముగా వ్రాసెను. అందువలన లాభపడినది ప్రక్కలు సర్దు ముసలమ్మయట. తినక వదలిన భోజనము తెల్లవారిన పిమ్మట ఆమెకు దక్కెడిది. కాగితములను తగులబెట్టిన డైమండను కుక్కకథకు కూడ ఈ సాక్ష్యము అడ్డుపడును. కాని న్యూటను మేనకోడలి భర్తయైన కాండ్యుయిటు సేకరించిన సంగతులలో, ఆయన పళ్ళెరమున మిగిల్చిన ఆహారముతో పిల్లి బలిసెనని కలదు. రెండును సమీపవర్తుల మాటలే. ఒకరు ముసలమ్మ తినెననిరి, ఒకరు పిల్లి తినెననిరి; ఆయన తినలేదనుటలో మాత్రము ఇరువురును ఏకీభవించిరి! హంఫ్రీ సాక్ష్యము ఐదేండ్లకే చెల్లును. మేనకోడలు 1679లో పుట్టినది. ఆమె ఎరిగినది లండను సంసారమును. కావున కాంతిపరీక్షల కాలమున పిల్లి యుండెనో లేదో ఈ ఇరువురిలో ఎవ్వరును కన్నులార చూచి చెప్పినవారు కారు.

రైటు తెలివిగా వ్రాసినాడు. కథ నిజమో కల్లయో ఎట్లున్నను, పిల్లికి ఒకటి, పిల్లకు ఒకటి సరిపోవు రెండు కంతలు బిరడాలతో మూసియున్న తలుపు తన నాటికి కలదనెను. అది న్యూటను గతించిన నూరేండ్లకు పలికిన మాట. ఆ నూరేండ్లలో ఆ గదులలో కాపురమున్నవారెవరైనను ఆ కంతలు పెట్టించియుండవచ్చును. పిల్లికంతను న్యూటను కనిపెట్టెననుట అసలే పొసగదు. పదునాలుగవ శతాబ్దిలోనే చాసరు కవి తన మరవాని కథలో, పిల్లి వచ్చిపోవు కంతగుండ సేవకుడు గదిలోనికి తొంగిచూచినట్లు వర్ణించెను. ఎక్సెటరు దేవాలయమున 1598లో బిషపు కాటను తలుపునకు పిల్లికంత కోయించి, వడ్రంగులకు ఎనిమిది పెన్నీలిచ్చినట్లు లెక్కలలో నున్నది. ఆ కంత నేటికిని చూడవచ్చును.

ఇక చలికాలపు మాట. మన పల్లెలలో పిల్లి వెచ్చదనమునకై ఆరిన పొయ్యి బూడిదలో పడుకొనును. వంటలేని పేదయింటిని గూర్చి పొయ్యిలో పిల్లి లేవలేదని అనుటయు అందువలననే. గండి ప్రాంతమున పుష్యమాసపు చలికి బూడిద చాలును, కేంబ్రిడ్జిలో చాలదు. 1683–84 చలికాలమున లండనువద్ద థేమ్సునది గడ్డకట్టి, దానిపై అంగళ్ళు వెలసినవి. ఇట్టి దేశమున తలుపునకు కంత పెట్టుట యనగా గదిలోనికి శీతగాలిని పిలుచుట. అందుచే శీతకాలమునకు ముందే కంతకు పై అంచున తోలుముక్కయో కంబళిముక్కయో వ్రేలాడదీసి, గాలికి లేవకుండ అడుగున బరువు కట్టవలెను. ఆరుబయట తిరుగు పిల్లికి ఈ తెరను నెట్టుట ఒక్కసారిగ రాదు. కొన్నిదినములు తెరను సగము ఎత్తి కట్టి, అలవడిన పిమ్మట దింపవలెను. చలి ముదిరిన తరువాత మొదలిడినచో పిల్లి బయటనే ముడుచుకొని కూర్చుండును. కంత మరీ పెద్దది కానక్కరలేదు. పిల్లి భుజములు మన భుజములవలె ఎముకతో బిగిసియుండవు. తల దూరినచోట తక్కిన శరీరమును దూర్చగలదు.

ఇప్పుడు చిన్నకంతను తలచుకొందము. ఏ పిల్లకైనను పెద్దకంత చాలును, నిజమే. కాని బరువు కట్టిన తెరను తల్లి నెట్టగలదు, నెల దాటిన పిల్ల నెట్టలేదు. కంత ఎత్తుగా నున్నచో తల్లి దుముకును, పిల్ల ఎక్కలేదు. నేలకు ఆనించి పలుచని తెరతో చిన్నకంత వేరుగా నుండుట చలిదేశమున వెఱ్ఱితనము కాదు, గృహస్థు పాటింపదగిన జాగ్రత్తయే. కాంతిపరీక్షలు జరుగు చీకటిగదికి తెర మరియును అవసరము. ఇది నా ఊహ మాత్రమే. ఆ కంతలకు తెర యుండెనని ఎవ్వరును వ్రాయలేదు. అయినను కథ విని నవ్విన విద్యార్థిచేత ఇంటిలో ఒక అట్టపెట్టెకు రెండు కంతలు కోయించి, తల్లినీ పిల్లనూ చూచి రమ్మని పంపిన ఉపాధ్యాయుడు న్యూటను పద్ధతిని నేర్పినవాడగును.

పిల్లి యుండియే యున్నచో దానికి కోరదగిన స్థలము మరియొకటి ఆ గదులకు చేరువనే యుండెను. వసంతమునను, ఆకురాలు కాలమునను ఆరేసి వారములు న్యూటను రసాయనశాలలో కొలిమి రాత్రింబగళ్ళు ఆరకుండ మండెడిదని హంఫ్రీయే వ్రాసెను. లోహములను మార్చు రహస్యమునకై ఆయన పడిన పాటు అది; ఫలింపలేదు. 1684 ఆగస్టులో హాలీ వచ్చి గ్రహములు నడచు త్రోవను గూర్చి అడిగిన ప్రశ్న మాత్రము ఫలించినది. సుమారు పదునెనిమిది నెలల ఏకాగ్రకృషి పిమ్మట 1687లో ప్రిన్సిపియా వెలువడెను. హుక్కుతో కలహములు, లైబ్నిట్జుతో వివాదము, మనోవ్యాధి – ఆ జీవితమున అన్నియు కలవు. మహాత్ముడని వానిని దాచరాదు. 1696లో టంకశాల అధికారియై లండను చేరెను. 1703లో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యెను. కాంతిశాస్త్రగ్రంథము 1704లో వెలువడెను. మరుసటి యేట రాణి సర్ బిరుదమిచ్చెను. 1727 మార్చి 20వ తేదీన గతింపగా, వెస్ట్‌మినిస్టరు ఆలయమున సమాధి చేసిరి.

తలుపుకంతల కొలతలు రైటు వ్రాయలేదు. కిటికీరెక్క కంతకు కొలత కలదు. న్యూటనే వ్రాసియుంచెను – అంగుళములో నాల్గవవంతు.