టిప్పు సుల్తాను తుపాకులు

మైసూరు నేలిన టిప్పు సుల్తాను 1750వ సంవత్సరమున బెంగుళూరునకు సమీపముననున్న దేవనహళ్ళిలో జన్మించెను. తండ్రియగు హైదరాలీ చదువు సంధ్యలు లేనివాడు. సామాన్య సైనికుడుగా జీవిత మారంభించి, తుదకు రాజ్యమునంతయు చేతబట్టినవాడు. తనకు దక్కని విద్య కుమారునకు దక్కవలెనని గురువుల నేర్పఱచి చదివించెను. కలమును, తుపాకియు టిప్పునకు చిన్ననాడే చేతికందినవి. తరువాతి కాలమున ఆయన చేయించిన తుపాకులపై వ్రాత యింత విస్తారముగ కనబడుటకు ఇదియే కారణము కావచ్చును.

ఆయనను వీరుడని కొందఱు, క్రూరుడని కొందఱు వ్రాసిరి. కొడగు, మలబారు ప్రజలు పడిన బాధలు కల్లలు కావు. పరులకు లొంగక కోటలోనే పోరాడి మరణించుటయు కల్ల కాదు. ఆ వివాదము నటుంచి, ఆయన విడిచిన ఆయుధములను పరిశీలించినచో అవి ఎవరి పక్షమును వహింపని సాక్షులు.

పదునేడేండ్ల ప్రాయముననే, 1767లో, టిప్పు సేనను గొని చెన్నపట్టణపు పొలిమేరల వఱకు వచ్చి ఆంగ్లేయులను కలవరపెట్టెను. 1780 సెప్టెంబరు 10వ తేదీన కంచి చేరువనున్న పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సేన నాశనమగుటలో ఆయన పాత్ర పెద్దది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గఱి నరసింగరాయనిపేట శిబిరములో హైదరాలీ కన్నుమూసెను. టిప్పు అప్పుడు మలబారు తీరమున నుండెను. ఆయన వచ్చి చేరువఱకు ఆ మరణవార్తను పొక్కనీయకుండిరి. ఇట్లు మన తెలుగు సీమలోని యొక గుడారమున ఒక ప్రభుత్వము ముగిసి మఱియొకటి మొదలయ్యెను.

ఆనాటికి మన దేశమున విరివిగ వాడుకలో నున్నది వత్తి తుపాకి. రగులుచున్న వత్తిని మందునకు తాకించినగాని అది పేలదు. వానలో వత్తి ఆరును. చీకటిలో దాని నిప్పు శత్రువునకు జాడ తెలుపును. ఐరోపావారి తుపాకి చెకుముకిది. మీట నొక్కగనే రాతిముక్క ఉక్కుపై కొట్టి నిప్పురవ్వలను రాల్చును. సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన మందు రెంటికిని ఒక్కటే. నిప్పు పుట్టించు విధమే వేఱు. పరుల వద్ద కొన్న తుపాకులతో ఎంతకాలము యుద్ధము చేయవచ్చును? టిప్పు తన రాజధానియగు శ్రీరంగపట్టణమునను, బెంగుళూరు, చిత్రదుర్గము, నగరములందును ఆయుధశాలలు నెలకొల్పెను. 1787లో పుదుచ్చేరినుండి ఓడపై బయలుదేఱిన ఆయన రాయబారులు మఱుసటి యేడు ఫ్రాన్సు చేరి పదునాఱవ లూయీ రాజును దర్శించిరి. వారు కోరినది సైనికులను మాత్రమే కాదు, పనివాండ్రను కూడ. సేనలు రాలేదు, కొందఱు పనివాండ్రు మాత్రము వచ్చిరి.

ఆ శాలలలో, ప్రత్యేకముగ ప్రభువు కొఱకు, తయారైన తుపాకులను గుర్తించుట కష్టము కాదు. గొట్టముపై పులిచారలు చెక్కబడి యుండును. పెక్కింటిపై వెండి బంగారములు పొదుగబడినవి. చెకుముకి ఱాతిని పట్టు కొక్కెము పులి యాకారము దాల్చును. కొన్నిటిపై దైవసింహము జయశీలమను అర్థమిచ్చు అక్షరములే పులిముఖముగ అల్లుకొని యుండును. తండ్రియగు హైదరు పేరి ముద్ర, దైవదత్తమైన సర్కారను ప్రభుత్వనామము, రాజధానిని తెలుపు పటన్ అను మాట, చేసిన పనివాని పేరు, సంవత్సరము కూడ కానవచ్చును. జోడు పిస్తోళ్ళలో ఒకదాని యంత్రమును కుడివైపునను, రెండవదాని యంత్రమును ఎడమవైపునను అమర్చిన ముచ్చటయు కలదు. గుర్తు లేని తుపాకి చేవ్రాలు లేని దస్తావేజు వంటిది. ఈ ప్రభువు తన దస్తావేజులపై చేవ్రాలు మఱువలేదు.

తికమక యంతయు సంవత్సరము నొద్దనే. టిప్పు హిజరీ లెక్కను మాని, ప్రవక్త జన్మమును బట్టి మౌలూది శకమును ప్రవేశపెట్టెను. ఆయన నాణెములపై నది 1215తో మొదలగును. పైగా అంకెలను కుడినుండి యెడమకు చదువవలెను. కనుక తుపాకిపై 8121 అని యున్నచో అది 1218. దానికి 572 కలిపిన 1790 వచ్చును. ఆ యేడు మన పంచాంగమున సాధారణ నామ సంవత్సరము. మౌలూది లెక్కయు మన ప్రభవాదులవలె అఱువదేండ్ల చక్రమును, చాంద్రసౌర మానమును అనుసరించినదే యగుటచేత ఈ కూడిక చాలవఱకు సరిపోవును. పరమతద్వేషి యని పేరుపడిన రాజు తన కాలగణనమును హిందువుల పంచాంగము ననుసరించి దిద్దుకొనుట గమనింపదగినది.

1792లో ఓడిపోయి టిప్పు సగము రాజ్యమును, మూడు కోట్ల ముప్పది లక్షల రూపాయలను ఇచ్చుటకు ఒప్పుకొని, ఇద్దఱు కుమారులను తాకట్టుగ పంపెను. కడప ప్రాంతము అప్పుడు నిజామునకు పోయి, 1800లో కంపెనీవారి దత్తమండలములలో చేరినది. 1799 మే 4న శ్రీరంగపట్టణము కూలెను. ద్వారము చేరువ శవముల నడుమ టిప్పు దేహము దొరకెను. కోటలో తొమ్మిది వందలకు పైగా ఫిరంగులు, లక్షకు చేరువగా తుపాకులు లెక్కకు వచ్చినవి. సుమారు రెండువేల గ్రంథములుగల ఆయన పుస్తకభాండాగారము సైతము విజేతల పాలయ్యెను. మేలైన తుపాకులను సేనానులు కానుకలుగను, కొల్లసొమ్ముగను పంచుకొనిరి. అందు పెక్కు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునను, విండ్సర్ రాజప్రాసాదమునను, వేల్సులోని పోవిస్ కోటయందును ఉన్నవి.

పేరుతోపాటు వెలయు పెరుగుటచేత పాత తుపాకి యేది కనబడినను టిప్పుదే యనువారు బయలుదేఱుట సహజము. 1227కు మించిన మౌలూది సంవత్సరము చెక్కియుండిన అది ఆయన యేలుబడిలోనిది కాదు. సుత్తి దెబ్బకు పేలు రాగిటోపీల తుపాకులు ఆయన మరణానంతరము వచ్చినవి. అట్టి యంత్రమున్నచో అది తరువాత మార్చినదైనను కావలెను, లేదా పేరు అబద్ధమైనను కావలెను. పులిచారలను ఎవరైనను చెక్కవచ్చును. చారలు, ముద్ర, సంవత్సరము, యంత్రము నాలుగును ఒకే మాట చెప్పినపుడే నమ్మవలెను.

ముద్ర లేకున్నను చోటు సాక్ష్యమిచ్చిన సందర్భము మొకటి కలదు. ఆయన ఆయుధశాలలలో నొకటియైన నగరములో, నేటి శివమొగ్గ జిల్లాయందు, 2018లో ఒక పాడుబావిని త్రవ్విరి. అందలి మట్టి తుపాకిమందు వాసన కొట్టుచుండెను. వెలుపలికి తీసినవి ఇనుప గొట్టముల అగ్నిబాణములు, వేయికి పైగా.