కవులకు రూపమిచ్చిన నటుడు: చిత్తూరు నాగయ్య

పోతన ఎట్లా ఉండేవాడో మనకు తెలియదు. ఆయన ఎదుట కూర్చుండి ఎవరో గీసిన చిత్తరువు ఏదియు మనకు దక్కలేదు. వేమన విషయము కూడ అంతే. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న మన ఖమ్మము సీమలోని నేలకొండపల్లివాడే అయినను, ఆయన ముఖము ఇట్టిదని చెప్పగలవారు లేరు. అయినను ఇరువది ఐదేండ్ల క్రిందట ఒకనాడు భాగవత పాఠము ముగించి, పోతన రూపమును నాలుగైదు వాక్యములలో వర్ణించి తెండని విద్యార్థులను అడిగినప్పుడు ఒక వింత జరిగినది. విశాలమైన నుదురు, సగము మూసిన కన్నులు, కొంచెము బరువైన శరీరము, మెల్లని మాట – ఇంచుమించు అందరును ఇదే రూపమును వ్రాసి తెచ్చినారు. అది పోతన రూపము కాదు, చిత్తూరు నాగయ్యగారి రూపము. పిల్లలలో చాలమందికి ఆ నటుని పేరు తెలియదు. పేరు మరుగుపడి ముఖము మాత్రము ఒక కవి ముఖముగా నిలిచిపోయినది. ఒక నటునికి ఇంతకంటె గొప్ప స్థానము ఉండునా, ఇంతకంటె గొప్ప అన్యాయము ఉండునా అని ఆ రోజున నాకు తోచినది. ఆ ప్రశ్నయే నా చేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

నాగయ్యగారి ఇంటిపేరు ఉప్పలదడియము. 1904 మార్చి 28న గుంటూరు మండలములోని రేపల్లెలో జన్మించినారు. చదువు, తొలి ఉద్యోగములు, నాటకములు చిత్తూరు సీమలో సాగినందున ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరు వలె స్థిరపడినది. కొంతకాలము గుమాస్తాగా పనిచేసినారు. కొంతకాలము పత్రికలో పనిచేసినారు. చిత్తూరు రామవిలాస సభవారి నాటకములలో పాల్గొని పేరు తెచ్చుకొన్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహపు వేడి దేశమంతట వ్యాపించినప్పుడు వారును జాతీయోద్యమములో కలిసినారు.

ఈ లోపల ఇంట పిడుగు మీద పిడుగు పడినది. మొదటి భార్య మరణించినది. రెండవ వివాహము చేసికొనగా ఆమెయు దక్కలేదు. విరక్తితో తిరువణ్ణామలై చేరి, రమణ మహర్షి ఆశ్రమములో కొంతకాలము గడిపినారు. తరువాతి కాలమున తెరమీద కనిపించిన నిశ్చలమైన చూపునకు మూలము ఆ రోజులలోనే ఉన్నదని కొందరు అంటారు. నేను అంతదూరము పోను. దుఃఖము అనుభవించినవారందరును నటులు కాలేరు. అయితే పోగొట్టుకొనుట అంటే ఏమిటో తెలిసిన మనిషి గొంతులో ఒక తగ్గుదల ఉంటుంది. ఆ తగ్గుదలయే తెలుగు చిత్రమునకు క్రొత్తదనమైనది.

ఎట్లనగా, మన తొలి టాకీలలోని నటులందరును రంగస్థలము నుండి వచ్చినవారే. యంత్రము లేని నాటకశాలలో చివరి వరుసన చాపమీద కూర్చున్నవానికి సైతము వినబడవలెను. అందుచేత పద్యము చివర రాగము నిలువునా లేచేది, చేతులు ఆకాశమును తాకేవి. అది తప్పు కాదు, ఆ వేదికకు అది అవసరము. కాని మైక్రోఫోను నిట్టూర్పును కూడ పట్టుకొంటుంది. ఈ సంగతిని తన శరీరముతో గ్రహించిన తొలి తెలుగు నటులలో నాగయ్యగారు ముఖ్యులు. 1938లో హెచ్. ఎమ్. రెడ్డిగారు తీసిన గృహలక్ష్మిలో సంఘసంస్కర్త వేషముతో వారు తెరమీదికి వచ్చినారు. కథానాయక పాత్ర కాదు. అయినను ఆ మెత్తని పలుకు, పాటలోని నిండుదనము ప్రేక్షకులను పట్టివేసినవి. నేపథ్యగానము స్థిరపడని దినములవి. పాడగలవాడే నటుడు. వీరు పాడేవారు, బాణీలు కూర్చేవారు కూడ.

ఆ మరుసటి యేడు బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థను నెలకొల్పి, తొలి చిత్రముగా వందేమాతరము తీసినారు. అందులో నాగయ్యగారు నాయకుడు, కాంచనమాల నాయిక. 1940లో సుమంగళి వచ్చినది. వితంతు వివాహమును సమర్థించిన ఆ చిత్రములో కందుకూరి వీరేశలింగము పంతులుగారిని తలపించే వృద్ధ సంస్కర్త వేషము వీరిది. అప్పటికి వారి వయస్సు 36 సంవత్సరములు. నాయకుడుగా పేరు వచ్చిన మరుసటి యేడే తల నెరిపించుకొని ముసలి వేషము వేయుటకు ఎంత ధైర్యము కావలెనో నేటి చిత్రములు చూచే విద్యార్థులు ఊహించుకొనవచ్చును. 1941లో దేవత. అదే సంవత్సరము తమిళములో త్యాగరాజ భాగవతరు నాయకుడుగా వచ్చిన అశోక్ కుమార్ చిత్రములో అశోక చక్రవర్తి వేషము. 1945లో ఎమ్. ఎస్. సుబ్బులక్ష్మిగారి మీరా చిత్రములో రాణా. అదే యేడు స్వర్గసీమలో భానుమతిగారు ధరించిన నటి పాత్ర ఆకర్షణలో పడి, భార్యాబిడ్డలను విడిచిపోయిన పత్రికా సంపాదకుడు. సాధువేషములకే వారు తగుదురని అనుకొనేవారు ఈ చివరి చిత్రమును ఒకమారు చూడవలెను.

అయినను వారు ప్రజల మనస్సులో నిలిచినది మూడు పాత్రలతోనే: పోతన, త్యాగయ్య, వేమన.

భక్త పోతన వాహినీ వారిది, కె. వి. రెడ్డిగారికి దర్శకుడుగా అది తొలి చిత్రము. కావ్యమును రాజునకు అంకితమీయక నాగలి పట్టిన కవి కథ. ఇటువంటి పాత్రను ధరించేవానికి ఒక ప్రమాదము ఉన్నది. ఆ నిరాకరణను గర్వముగా చూపవచ్చును. చూపితే సభలో చప్పట్లు మ్రోగుతవి. నాగయ్యగారు అట్లు చేయలేదు. వారి పోతన రాజును ధిక్కరించే వీరుడు కాడు. తన దగ్గర ఉన్న వస్తువు ఇంకొకరిది కాబట్టి ఈయలేని ఒక సాధారణ గృహస్థుడు, ఆ ఈయలేకపోవుటకు కొంచెము నొచ్చుకొనే మనిషి. భాగవత పద్యములలోని మార్దవము తెలిసిన ఉపాధ్యాయుడెవడైనను ఈ వ్యాఖ్యానమే సరియైనదని ఒప్పుకొంటాడు. పుస్తకములలో విమర్శకులు పుటలకొలది వ్రాసినదానిని ఒక నటుడు తల వంచి చూపినాడు.

వేమన అంతకంటె కష్టమైన పాత్ర. 1947లో వచ్చిన యోగి వేమనలో నాగయ్యగారు మొదట భోగిగా కనిపిస్తారు. వేశ్య మోహనాంగి మోహము, ఆ పిమ్మట బంగారము చేయవలెనన్న పిచ్చి, ఆ పిచ్చిలో ఉండగానే అన్నగారి చిన్న కూతురు మరణము. ఆ మరణము తరువాత ఆయన ముఖములో ఏడుపు కనిపించదు. ముఖము ఖాళీ అయిపోతుంది. వేమన పద్యములను నీతివాక్యములుగా వల్లింపజేసే మనము, ఆ పద్యములు ఎటువంటి శూన్యము నుండి పుట్టి ఉండవచ్చునో ఈ చిత్రము చూచి తెలిసికొనవచ్చును. మా జూలూరుపాడులో నా బాల్యమున ఊరికంతకు ఒకే టెలివిజను పెట్టె ఉండేది. దూరదర్శనము వారు ఈ చిత్రమును ప్రసారము చేసిన సాయంకాలము పెద్దలు, పిల్లలు నేలమీద కూర్చుండి చూచినాము. ఆ ఘట్టము దగ్గర మా నాయనమ్మ లేచి ఇంటికి వెళ్ళిపోయినది. అప్పుడు కారణము అర్థము కాలేదు. ఆమెకు ఒక చిన్నబిడ్డ పోయినదని తరువాత తెలిసినది.

ఈ రెండు చిత్రములకు మధ్య 1946లో త్యాగయ్య వచ్చినది. దీనికి నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, నటుడు అన్నియు నాగయ్యగారే. తమ రేణుకా సంస్థ పేర తీసినారు. ఇది వారి కీర్తికి శిఖరము. ఆంధ్రులు, తమిళులు, కన్నడిగులు ఒక్కటిగా ఆ చిత్రమును నెత్తిన పెట్టుకొన్నారు. హాలీవుడ్ నటుడు పాల్ మునితో వారిని పోల్చుట పరిపాటి అయినది. ధనమును ఆ స్థాయిలోనే వచ్చినది. వచ్చిన ధనమును ఏమి చేసినారు? త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువయ్యూరులో యాత్రికులకు సత్రము కట్టించినారు. మద్రాసులోని తమ ఇంటిలో వచ్చినవారికి వచ్చినట్లు భోజనము పెట్టినారు. వేషములకై వచ్చి దిక్కుతోచక తిరిగే యువకులకు నీడ ఇచ్చినారు. అడిగినవానికి లేదనుట వారికి చేతకాలేదు. ఇదంతయు మనము మెచ్చుకొనే గుణమే. కాని లెక్క వ్రాసికొనే అలవాటు లేని దాతృత్వము ఎటు పోతుందో అటే పోయినది.

ఇక్కడ మన ప్రాంతము కథలోనికి వస్తుంది. ఖమ్మము నుండి తల్లాడ, ఏన్కూరు దాటి, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెము, పాల్వంచ పోయే త్రోవ చివరకు గోదావరిని చేరుతుంది. గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానాషా కాలములో గోపన్న తహసీలుదారుగా ఉన్నది ఈ పాల్వంచ పరగణాకే. సర్కారు పన్నుల సొమ్ముతో భద్రాద్రిమీద రామునికి గుడి కట్టించి, ఆ నేరమునకు గోల్కొండ చెరలో పండ్రెండు సంవత్సరములు మ్రగ్గినాడని మన పెద్దల నుండి వినుచున్న కథ. పోతన, త్యాగయ్య, వేమనల తరువాత నాగయ్యగారి మనస్సు ఈ గోపన్నపై నిలిచినది. రామదాసు చిత్రమును తామే నిర్మించి, దర్శకత్వము వహించి, నాయక పాత్ర ధరించినారు.

ఆ చిత్రము పూర్తి అగుటకు ఏండ్లు పట్టినది. ధనము చాలక ఆగుట, అప్పు తెచ్చి మరల మొదలుపెట్టుట – ఇదే వరుస. తుదకు 1964లో విడుదలైనది. అప్పటికి వారికి 60 ఏండ్లు. భద్రాచలము తాలూకా తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాలో కలిసి అయిదేండ్లే అయినది. గోదావరిమీద వంతెన ఇంకను సిద్ధము కాలేదు, 1965లో గాని అది ప్రారంభము కాలేదు. యాత్రికులు నది దాటవలెనంటే పడవయే దిక్కు.

నిజము చెప్పవలెనంటే రామదాసు ఆలస్యముగా వచ్చిన చిత్రము. యువకుడైన తహసీలుదారు పాత్రకు ఆ వయస్సు అడ్డువచ్చినది. ప్రేక్షకుల రుచియు మారినది. అంతకు ముందు యేడే లవకుశ పూర్తి రంగులతో వచ్చి ఊళ్ళను ఊపివేసినది. త్యాగయ్య తీసిన ఊపులోనే ఈ చిత్రమును తీసి ఉంటే తెలుగు భక్తచిత్రములలో దీని స్థానము వేరుగా ఉండేదని నా నమ్మకము. అయినను చెరసాల ఘట్టములలో వయస్సు లోపము కాలేదు. రాముని నిందించి, వెంటనే నిందించినందుకు కుమిలే ఆ ముసలి గొంతులో వేషమేదో, మనిషి ఏదో విడదీయుట కష్టము. గోపన్న సర్కారు ధనమును రామునికి ఖర్చుపెట్టినాడు. నాగయ్యగారు తమ సొంత ధనమును, అది చాలక అప్పు తెచ్చిన ధనమును ఆ గోపన్నకై ఖర్చుపెట్టినారు. కథలో తానాషాకు బాకీ తీర్చుటకు రామలక్ష్మణులు మారువేషములలో వచ్చినారు. మద్రాసులో అప్పులవారి దగ్గరకు ఎవరును రాలేదు.

1965లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము ఇచ్చినది. బిరుదము అప్పు తీర్చదు. ఒకప్పుడు చిత్రసీమలో అగ్రస్థానమున నిలిచిన నటుడు కడపటి యేండ్లలో జీవనమునకై దొరికిన చిన్న చిన్న వేషములు, తెలుగులో కొన్ని, తమిళములో కొన్ని, ధరించినారు. తండ్రి, తాత, గురువు, ఋషి. రామదాసునకు ముందే ఈ దశ మొదలైనది. 1957లోని పాండురంగ మాహాత్మ్యములో పుండరీకుని తండ్రి, 1961లోని సీతారామ కల్యాణములో దశరథుడు, 1963లోని లవకుశలో వాల్మీకి – ఇవి ఆ దశలోనివే. ఆ వాల్మీకిని చూడండి. సీతను ఆశ్రమమునకు పిలుచుకొని వచ్చే ఋషిలో ఎక్కడను హెచ్చు లేదు, ఇది చిన్న వేషమన్న కొరత లేదు. తనకు ప్రధాన పాత్ర దక్కలేదన్న బాధను పాత్ర మీదికి రానీయకపోవుట నటులందరికి సాధ్యము కాదు. ఇంకొక మాట: ఆదికవికి సైతము మన తరము మనస్సులో ఉన్న రూపము ఆయనదే.

2006లో రామదాసు కథ క్రొత్త హంగులతో మరల తెరకెక్కినది; మా విద్యార్థులకు ఇప్పుడు గోపన్న అంటే నాగార్జునగారు. అందులో తప్పేమి లేదు, ప్రతి తరము తన రామదాసును తాను తెచ్చుకొంటుంది. పోతన, వేమనల పాఠములు వచ్చినప్పుడు మాత్రము నేను తరగతిలో నాగయ్యగారి పాత చిత్రముల నుండి రెండు మూడు ఘట్టములు చూపుచున్నాను. ఒక్క షరతు పెట్టుకొన్నాను: చూపుటకు ముందు ఆ నటుని పేరు నల్లబల్లమీద వ్రాయుట.

1973 డిసెంబరు 30న నాగయ్యగారు మద్రాసులో కన్నుమూసినారు. ఆస్తి అని చెప్పదగినది మిగలలేదు. తరువాత వారి విగ్రహమును ఆ నగరములోనే త్యాగరాయనగరులోని పానగల్ పార్కులో ప్రతిష్ఠించినారు. ఆ ఉద్యానమునకు పేరు వచ్చినది మరొక తెలుగువాడైన పానగల్ రాజావారి వలన. చుట్టును బట్టల దుకాణములు, నగల దుకాణములు. పెండ్లి బట్టలకై ఆంధ్ర, తెలంగాణములనుండి పోయేవారు చాలమంది ఆ విగ్రహము ప్రక్కనుంచే నడిచిపోతారు.