పాషా ఎక్కని కారు

హైదరాబాదు పాతబస్తీలో మహబూబ్ అలీ పాషా పేరు వినని వాళ్ళుండరు. ఆరో నిజాముగా చరిత్ర పుస్తకాల్లో ఆయనకున్న చోటు వేరు, జనం నోళ్ళలో ఉన్న చోటు వేరు. పాము కరిచినప్పుడు ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందని నమ్మినవాళ్ళు, వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకున్నవాళ్ళు, మారువేషంలో రాత్రిళ్ళు వీధులు తిరిగేవాడని కథలల్లినవాళ్ళు ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్నారు. ఈ కథల మధ్య అంతగా ఎవరూ పట్టించుకోని నిజం ఒకటుంది. ఆయన తన కోసం ఇంగ్లండులో ఒక రోల్స్‌రాయిస్ కారు పురమాయించాడు. అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మహబూబ్ అలీ 1866 ఆగస్టు 17న పురానీ హవేలీలో పుట్టాడు. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా చనిపోయేనాటికి పిల్లవాడికి మూడేళ్ళయినా నిండలేదు. ఆ పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, దివాను మొదటి సాలార్‌జంగ్, షంసుల్ ఉమ్రా కలిసి రాజ్యభారం మోశారు. సాలార్‌జంగ్ అప్పటికే రాజ్యాన్ని జిల్లాలుగా విడదీశాడు. శిస్తు వసూలును గుత్తేదార్ల చేతినుంచి తప్పించి జీతానికి పనిచేసే అధికార్లకు అప్పగించాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ హఠాత్తుగా పోయాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 5న వైస్రాయి లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాదు వచ్చి, పదిహేడేళ్ళ మహబూబ్ అలీకి పూర్తి అధికారాలు అప్పగించాడు.

కారు భాషలో చెప్పాలంటే, చట్రం సాలార్‌జంగ్ వేసింది. దానిమీద కూర్చున్న బాడీ మహబూబ్ అలీ. చూసేవాళ్ళ కళ్ళు బాడీ మీదే ఉంటాయి కదా! పురానీ హవేలీలో రెండంతస్తుల బట్టల బీరువా, 1891లో కోర్టుకెక్కిన జేకబ్ వజ్రం బేరం, ఫలక్‌నుమా మహలు, పులివేటలు, ఇవే లోకానికి గుర్తున్నాయి. వాటి ఖర్చంతా చివరికి రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిందే. ఆ మాట దాచిపెట్టి ఆయన జీవితం రాయడం న్యాయం కాదు. అలాగే 1887లో నిజాం కాలేజీ వచ్చింది ఆయన హయాంలోనే. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసిందీ ఆ రోజుల్లోనే. ఈ మాట చెప్పకపోయినా న్యాయం కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఒక్క రోజులో ఊరు ఊరంతా అతలాకుతలమైంది. పోయినవాళ్ళు 15 వేల దాకా ఉంటారని అంచనా. పాషా తన మహళ్ళ తలుపులు తెరిపించి, నిలువ నీడ లేనివాళ్ళకు తిండీ చోటూ ఇప్పించాడు. జనం ఆయన్ని మరిచిపోకపోవడానికి వజ్రాలకన్నా ఈ నాలుగు రోజులే ఎక్కువ కారణం. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన పథకం వేశాడు. పథకం సిద్ధమైంది గాని పాషాకు ఆయుష్షు చాలలేదు. 1911 ఆగస్టు 29న, 45 ఏళ్ళ వయసులో, ఫలక్‌నుమాలో కన్నుమూశాడు. మక్కా మసీదు ఆవరణలో సమాధి చేశారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

కారు కథా అంతే. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ వాళ్ళు ఇంజను, చక్రాలు, చట్రం మాత్రమే చేసి ఇచ్చేవాళ్ళు. పైన బాడీ కట్టడం వేరే కంపెనీల పని. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఆ పద్ధతే నడిచింది. పాషా పురమాయించిన సిల్వర్ ఘోస్టుకు బాడీ కట్టింది లండనులోని బార్కర్ కంపెనీ. పసుపు రంగు వేసి, వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. దానికి సింహాసనపు కారు అనే పేరొచ్చింది. కారు ఊరు చేరేసరికి సింహాసనం మీద ఉన్నది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన దాన్ని ఉత్సవాలకు తప్ప బయటికి తీసింది తక్కువ. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది.

ఏళ్ళ తరబడి నిలిచిపోయిన పాత కార్లలో చట్రం తుప్పు పట్టడం, వంగడం, పగుళ్ళివ్వడం మామూలే. అతుకులతో నిలవదనుకున్నప్పుడు పాత కొలతలతో కొత్త చట్రం చేయించి, దానిమీద పాత బాడీ దించుతారు. వినడానికి సులువే. కాని ఆ కాలపు బాడీ లోపలంతా కర్ర, పైన రేకు. పైకెత్తేటప్పుడు తలుపుల చోట అడ్డకర్రలు బిగించకపోతే నడుం విరిగినట్టు కుంగిపోతుంది. కొత్త చట్రానికి మూల నుంచి మూలకు కొలత తప్పితే తలుపు మూసుకోదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. వంగిన చట్రం మీద కూర్చుని కూర్చుని బాడీ కూడా ఆ వంపుకే అలవాటు పడిపోతుంది. తిన్నని చట్రం మీద పెడితే ఇముడదు. బోల్టు బిగించి లాగేస్తే ముసలి కర్ర పగులుతుంది. అందుకని తెలిసిన మేస్త్రీ బోల్టులన్నీ ముందు వదులుగా పెడతాడు. సందుల్లో రబ్బరో తోలో పేర్చి, తలుపు తీసి మూసి చూసుకుంటూ, కొంచెం కొంచెంగా బిగిస్తాడు. తీసేసిన పాత చట్రాన్ని పారేయడు. ఏది అసలుదో ఏది కొత్తదో దాచకుండా రాసి పెడతాడు.

మన పాతబస్తీకి కావలసింది ఇలాంటి చేతులే. ఈ ఊరి దేవిడీలు, కమానులు, గల్లీలు పాత చట్రపు వంపుకు అలవాటు పడ్డ బాడీలు. రోడ్లు వెడల్పు కావాలి, డ్రైనేజీ కావాలి, నీళ్ళు రావాలి. కొత్త చట్రం వద్దనేవాడు 1908 మరిచిపోయినవాడు. కాని ఒక్క పట్టున బిగించేస్తే పగిలేది అక్కడ బతుకుతున్న మనుషుల ఇళ్ళే. ఇంజనీరింగు చదివే మిత్రులూ, చరిత్ర చదివే మిత్రులూ ఈ పనిలో ఒకరికొకరు అవసరం.

మహబూబ్ అలీ పాషా కారెక్కలేదు, జలాశయమూ చూడలేదు. ఒకటి ఆయన వైభవానికి గుర్తుగా మిగిలింది. రెండోది నగరానికి ఏళ్ళ తరబడి తాగునీరిచ్చింది. పురమాయించిన వాడు అనుభవించని పనులు రెండిట్లో ఏది గొప్పదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మనం పురమాయించి పోయేది ఏదో మాత్రం ఈ కాలేజీలో ఉండగానే ఆలోచించుకోవాలి.