మచ్చల రెక్కల దోమను పట్టిన డాక్టరు

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయమని మిత్రులు అడిగారు. నేను ఇంజనీరును, వైద్యం నా విద్య కాదు. అయినా సర్ రొనాల్డ్ రాస్‌ను ఎంచుకున్నాను. చలిజ్వరం గుట్టు బయటపడింది మన సికింద్రాబాదులోనే అన్న సంగతి మన బడి పిల్లలకు తెలియాలి.

రాస్ 1857 మే 13న ఆల్మోరాలో పుట్టారు. కవిత్వం, సంగీతం మీద మనసున్నా తండ్రి కోరిక మేరకు లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు, పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు రోగి రక్తంలోని మలేరియా క్రిమిని ఆయనకు మైక్రోస్కోపులో చూపించారు. దానికీ దోమకూ సంబంధం ఉందన్న ఆలోచన కూడా ఆయనే ఇచ్చారు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాదు చేరారు.

మధ్యలో కలరా పనుల మీద బెంగళూరు వెళ్లాల్సి వచ్చింది. మలేరియా ఆయననూ వదల్లేదు. రోగులను కుట్టించి ఎన్నో దోమలను కోసి చూశారు. అవన్నీ చారల దోమలు, బూడిదరంగు దోమలు. వాటిలో క్రిమి జాడే లేదు. లోపం ఆయన పనిలో లేదు, కోస్తున్న దోమే వేరు.

1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు కొన్ని చేతికొచ్చాయి. 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంఖా ఆపేసి, చెమటలు కక్కుతూ పనిచేశారు. 20వ తేదీన ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో పెరుగుతోంది!

1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని తేల్చారు. విచిత్రమేమంటే, పక్షులకు దాన్ని మోసేది ఆ బూడిదరంగు దోమే. మచ్చల రెక్కలది అనాఫిలిస్. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932లో కన్నుమూశారు.

అనాఫిలిస్‌లోనూ 400కు పైగా జాతులున్నాయి. మన పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసేది క్యూలిసిఫేసిస్. అదీ ఒకటి కాదు, ఐదని తర్వాత తేలింది. వాటికి ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టారు. కంటికి అన్నీ ఒకటే, క్రోమోజోములు చూస్తేనే తేడా తెలుస్తుంది. ‘బి’ మలేరియాను మోయడం చాలా తక్కువ. మా భాషలో చెప్పాలంటే, చూపుకు ఒకేలా ఉన్న బోల్టులే, మర తేడా. ఆ తేడా తెలియకపోతే మందూ డబ్బూ వృథా. మా చిన్నప్పుడు ఎడ్లపాడులో మలేరియా వర్కర్లు ఇళ్ల గోడలకు మందు కొట్టి తేదీ రాసి వెళ్లేవారు. ఈ దోమ రక్తం తాగాక ఇంటి గోడ మీద వాలుతుంది కనుకే ఆ పద్ధతి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఏటా ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. ఆ రోజు పంటకాలువ పక్క గుంటలోంచి గ్లాసెడు నీళ్లు తెచ్చి పిల్లలకు చూపించండి. నీటి పైన అడ్డంగా పడుకున్న లార్వా అనాఫిలిస్‌ది. తల కిందులుగా వేలాడేది వేరే దోమది. వీలైతే బేగంపేటలో రాస్ పనిచేసిన భవనానికీ తీసుకెళ్లండి. అక్కడ రాస్‌తో పాటు హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పండి.